షుగర్ పుండుకు తేనె కట్టు: ఎవరికి, ఎలా

ముందు పుండు ఎంత లోతుందో, పాదానికి రక్తం సరిగా అందుతోందో డాక్టరు చూడాలి. సన్నటి ప్రోబ్ (మొద్దు కొన ఉన్న లోహపు పుల్ల) పెట్టి చూసినప్పుడు గట్టిగా ఎముక తగిలితే, ఇన్‌ఫెక్షన్ ఎముక దాకా పోయిందేమోనని అనుమానించాలి. పుండు చుట్టూ ఎరుపు 2 సెం.మీ. దాటి పాకినా, జ్వరం వచ్చినా, వేలు నల్లబడినా తేనె ఊసే వద్దు. విజయవాడో గుంటూరో, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి ఆ రోజే వెళ్లండి.

షుగర్ పాదాలపై 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు పుండు మాన్పడానికి తేనె వాడొద్దనే అంటున్నాయి, రుజువులు అంత గట్టిగా లేవు కాబట్టి. అందుకే ఇది డాక్టరు సరేనన్న పైపై పుండుకు, అసలు వైద్యానికి తోడుగా మాత్రమే.

తేనెలోని గాఢమైన చక్కెర సూక్ష్మక్రిముల్లోని నీటిని లాగేస్తుంది. దాని పులుపు, రసి తగిలినప్పుడు పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వాటిని ఎదగనివ్వవు. కానీ వంటింటి తేనె, అడవి తేనె పనికిరావు. వాటిలో క్లాస్ట్రీడియం అనే ప్రమాదకరమైన బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. మరగబెట్టినా అవి చావవు, పెరాక్సైడ్ పుట్టించే ఎంజైమ్ మాత్రం పోతుంది. గామా కిరణాలతో శుద్ధి చేసిన వైద్య తేనె ట్యూబు గానీ, తేనె పట్టించిన డ్రెస్సింగ్ గానీ కొనండి. తేనెటీగ కుడితే ఒళ్లు దద్దుర్లెక్కేవాళ్లు అసలు వాడకూడదు.

చచ్చిన చర్మం, ఆనె డాక్టరే తీయాలి, ఇంట్లో బ్లేడు పట్టొద్దు. చేతులు కడుక్కుని, గ్లౌజులు వేసుకుని, పుండును స్టెరైల్ సెలైన్‌తో కడగండి. స్పిరిట్, పసుపు, సున్నం వద్దు. తేనెను పుండు మీద పోస్తే జారిపోతుంది, అందుకే గాజుగుడ్డకే పట్టించాలి: 10 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు ఉన్న గుడ్డకు 20 మి.లీ. గుంటలుంటే ముందు వాటిని తేనెతో నింపండి. చుట్టూ ఉన్న మంచి చర్మానికి వాజలిన్ రాసి, పైన రసి పీల్చే ప్యాడ్, ఆపై బ్యాండేజీ వదులుగా చుట్టండి. అంచులన్నీ టేపుతో మూసేయండి, లేకపోతే చీమలు చేరతాయి. కాళ్లు మొద్దుబారినవాళ్లకు అవి కుడుతున్నా తెలియదు. మన ఎండల్లో తేనె పలచబడి కారుతుంది కూడా, కాబట్టి వేసవిలో చిక్కటి జెల్ రకమే నయం.

మొదట్లో కట్టు రోజూ మార్చాలి. ప్యాడ్ తడిసిపోతే అంతకంటే ముందే, ఎందుకంటే రసి కలిసి తేనె పలచబడితే దాని పని ఆగిపోతుంది. రసి తగ్గాక రెండు మూడు రోజులకోసారి చాలు. చుట్టూ చర్మం తెల్లగా నానిపోయి కనిపిస్తే ఇంకా ఎక్కువ పీల్చే ప్యాడ్ వేయాలి. కాస్త చురుక్కుమనడం మామూలే, భగ్గుమంటే కడిగేసి డాక్టరుకు చూపించండి. గ్లూకోమీటరుతో షుగర్ కూడా చూస్తూ ఉండండి.

కట్టు ఎంత బాగా కట్టినా, ఆ పాదం మీద బరువు పడుతుంటే పుండు మానదు. బరువు తప్పించే చెప్పులో, ప్లాస్టర్ కట్టో డాక్టరును అడిగి వేయించుకోండి. ఇంద్రకీలాద్రి మెట్లు వట్టి కాళ్లతో ఎక్కే మొక్కు పుండు మానాక తీర్చుకోవచ్చు.

వారానికోసారి పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. నాలుగు వారాలకు పుండు విస్తీర్ణం సగానికి తగ్గకపోతే తేనె ఆపేసి, కాలి రక్తనాళాల డాప్లర్ (రక్తం పారుతున్న తీరు చూసే స్కాన్), ఎముక ఎక్స్‌రే చేయించమని డాక్టరును అడగండి.