నీడ కర్రతో ఖగోళం – 3వ పాఠం: వరంగల్‌లో నడిపొద్దు ఎప్పుడు?

క్రితం పాఠంలో కర్ర నీడ పొద్దున ఎటు పడుతుందో, సాయంత్రం ఎటు పడుతుందో పిల్లలతో గీయించాం. ఇప్పుడు కొలతల్లోకి దిగుదాం. ముందు అసలైన ఉత్తర దక్షిణ గీత గీయాలి. తర్వాత దాని మీద పడే నీడతో మన ఊరి అక్షాంశం తేల్చాలి.

జాగా దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. స్కూలు బంగ్లా మీద వద్దు. వాన నీళ్లు పోవడానికి స్లాబుకు వాటం ఇస్తారు, అది కంటికి కనబడదు గానీ కొలతను చెడగొడుతుంది. ప్రేయర్ చేసే చోట సిమెంటు గచ్చు ఉంటే చెంబెడు నీళ్లు పోసి చూడండి. ఒకే పక్కకు పారకుండా చుట్టూ పరుచుకుంటే అదే మన ల్యాబు.

మీటరుకు కొంచెం ఎక్కువ పొడవున్న ఇనుప రాడ్డుకు వెల్డింగ్ షాపులో కింద బెత్తెడు ప్లేటు అతికించుకోండి. ఉత్త రాడ్డు నీడ కొస మసకగా ఉంటుంది, ఎక్కడ ఆగిందో పిల్లలు కొట్లాడుకుంటారు. అందుకే పైకొనకు చిన్న బెజ్జం పెట్టిన అట్టముక్క అడ్డంగా అంటించండి. అట్ట నీడ మధ్యలో సెంటీమీటరు వెడల్పున గుండ్రటి వెలుగు చుక్క పడుతుంది. అది సూర్యుడి బింబమే! బెజ్జం నేలకు సరిగ్గా మీటరు ఎత్తున ఉండాలి. బెజ్జం నుంచి దారానికి నట్టు కట్టి వదిలి, అది నేలను తాకే చోట సుద్దతో గుర్తు పెట్టండి. కొలతలన్నీ అక్కడి నుంచే. సూర్యుణ్ణి మాత్రం ఎవరూ నేరుగా చూడొద్దు.

పొద్దున పదిన్నరకు వెలుగు చుక్క ఎక్కడుందో గుర్తుపెట్టి, నేల గుర్తు కేంద్రంగా దాని గుండా సుద్దతో వృత్తం గీయండి. చుక్క లోపలికి జరిగి, మధ్యాహ్నం మళ్లీ ఆ గీతను తాకుతుంది. ఆ రెండు గుర్తుల నడిమధ్యను కేంద్రంతో కలిపితే ఉత్తర దక్షిణ గీత వచ్చినట్టే. శంకువుతో, అంటే నీడ కర్రతో, దిక్కులు తేల్చడానికి మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం చెప్పిన పద్ధతి ఇదే. ఫోన్‌లో కంపాస్ ఉందిగా అంటారు పిల్లలు. పక్కనే ఇనుప రాడ్డు పెట్టుకుని కంపాస్‌ను నమ్మడం ఎలా?

మర్నాడు చుక్క ఆ గీత మీదికి వచ్చిన క్షణమే మన నడిపొద్దు. గడియారం అప్పుడు పన్నెండు చూపించదు. మన దేశపు టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది, వరంగల్ ఉన్నది దాదాపు 79.6 దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన సగటున 12:12 అవుతుంది. భూమి కక్ష్య, అక్షం వాలు కలిసి దీన్ని కూడా జరుపుతాయి: నవంబరు మొదట్లో 11:55కే, ఫిబ్రవరి నడుమ 12:26కు. "పన్నెండింటికి సూర్యుడు నెత్తి మీద ఉంటాడు" అనే మాటలో రెండు తప్పులున్నాయని పిల్లలతోనే చెప్పించండి.

రెండో తప్పు నెత్తి సంగతి. మార్చి 21న నడిపొద్దు నీడ 32.5 సెంటీమీటర్లు వస్తుంది. నీడను ఎత్తుతో భాగిస్తే 0.325, అది బెజ్జం దగ్గర ఏర్పడే 18 డిగ్రీల కోణపు టాంజెంట్. ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖ మీద ఉంటాడు కాబట్టి ఆ కోణమే మన అక్షాంశం. టాంజెంట్ రాని ఎనిమిదో తరగతి పిల్లలు కాగితం మీద త్రిభుజం గీసి కోణమానినితో కొలిస్తే చాలు. డిసెంబరు 22న నీడ 88 సెంటీమీటర్లు, అంటే కోణం 41.4. సూర్యుడు దక్షిణాన ఉన్న 23.4 డిగ్రీలు తీసేస్తే మళ్లీ అదే 18. మిగతా రోజుల్లో సూర్యుడు భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నాడో స్టెల్లేరియం అనే ఆకాశాన్ని చూపే సాఫ్ట్‌వేర్ ఉచితంగా చూపిస్తుంది.

నీడ మాయమయ్యే రోజులు ఏటా రెండే, మే 12, ఆగస్టు 1 అటూఇటూ. మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు. నా సలహా మేలోనే పిల్లలను పిలవమని. ఆ రెండు తేదీల మధ్య నడిపొద్దు నీడ దక్షిణానికి పడుతుంది, జూన్ 21న 9.5 సెంటీమీటర్లు.

వచ్చే పాఠంలో రెండు ఊళ్ల కోణాలతో భూమి చుట్టుకొలత కడదాం. ఆదిలాబాద్ దగ్గరే కదా అని దాన్ని ఎంచుకోకండి. మనకు దానికి తేడా 1.7 డిగ్రీలే, నీడలో సెంటీమీటరు తప్పితే అర డిగ్రీ పోతుంది, లెక్క మూడో వంతు తప్పుతుంది. ఢిల్లీ అయితే తేడా 10.6 డిగ్రీలు. అక్కడ చుట్టాలున్న పిల్లలెవరో ముందే అడిగి పెట్టుకోండి.