అల్లుడి వేట బట్టలు, టైలరు మామ లెక్క

నేను టైలర్ని. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ముప్పై ఏళ్ళుగా ప్యాంట్లూ షర్టులూ కుడుతున్నాను. వేటకూ నాకూ ఏ చుట్టరికమూ లేదు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేటంటే కేసే, జైలే. అమెరికాలో అలా కాదు. క్లాసుకు వెళ్ళి, లైసెన్సు తీసుకుని, సీజన్‌లో జింకల వేటకు పోవచ్చు. విస్కాన్సిన్‌లో ఉన్న మా అల్లుడు ఆఫీసు స్నేహితులతో చేరి ఆ సరదాలో పడ్డాడు. కావలి ఊరి పిల్లోడు. ఇంట్లో కోడిని కోస్తుంటే వీధిలోకి పోయేవాడు!

మేం నవంబరులో అక్కడికి వెళ్ళేసరికి ఇంట్లో చిన్న గొడవ నడుస్తోంది. అల్లుడు వేటకని బట్టలు కొన్నాడు. లోపలి బనియను, దానిపైన ఫ్లీసు (నూగు పాలిస్టర్ గుడ్డ), ఆ పైన లావు జాకెట్టు, ప్యాంటు, టోపీ, గ్లౌజులు. అన్నీ కలిపి 1,600 డాలర్లు. జాకెట్ ఒక్కటే 400 పైన. మా అమ్మాయి ఆ బట్టలన్నీ తెచ్చి భోజనాల బల్ల మీద పడేసి, "నాన్నా, గుడ్డ సంగతి నీకు తెలుసుగా. దీనికి అంత పెట్టొచ్చా, నువ్వే చెప్పు" అంది. అల్లుడు నా ముఖంలోకి చూస్తున్నాడు. మామ నోట్లోంచి ఏమొచ్చినా ఎవరో ఒకరు అన్నం మానేసేలా ఉంది. కళ్ళజోడు పెట్టుకుని జాకెట్టును లోపలి వైపు తిప్పాను.

ఎవరైనా ఖరీదైన బట్ట కొనే ముందు చేయాల్సిన మొదటి పని ఇదే. బయటి వైపు చూపించడానికి కుట్టింది, పనితనమంతా లోపలి వైపే తెలుస్తుంది. వాన ఆపుతుందని చెప్పే జాకెట్ అయితే ప్రతి కుట్టు మీదా సన్నని టేపు అంటించి ఉండాలి. సూది దిగిన ప్రతి చోటా ఒక చిల్లే కదా, టేపు లేకపోతే నీళ్ళు అందులోంచే వస్తాయి. చంకలో డైమండ్ ఆకారంలో విడి ముక్క వేసి కుట్టారా చూడండి. అది ఉంటే చేతులు పైకెత్తినా నడుము దగ్గర జాకెట్ లేవదు. జేబు మూలల్లో దగ్గర దగ్గరగా గట్టి కుట్టు ఉండాలి. జిప్పును పది సార్లు లాగండి, గ్లౌజు వేసుకుని కూడా లాగండి. అల్లుడి జాకెట్ వీటన్నిటిలో పాసయింది. నిజం చెప్పాలంటే నేను అంత శుభ్రంగా కుట్టలేను.

తర్వాత చెవి దగ్గర పెట్టుకుని గుడ్డను గుడ్డతో రుద్దాను. అల్లుడు నవ్వాడు గానీ, వేట బట్టలో సగం ధర ఆ చప్పుడుకే. అంటే చప్పుడు లేకపోవడానికి. మామూలు నైలాన్ జాకెట్ చెయ్యి కదిపితే గరగరమంటుంది, జింక చెవికి అంతే చాలు. గుడ్డ పైభాగాన్ని నూగుగా చేస్తే ఆ చప్పుడు పోతుంది. అయితే ఆ నూగు మంచునూ నీళ్ళనూ పట్టుకుంటుంది. గాలి ఆపడానికి మధ్యలో పలచని పొర అంటిస్తే మళ్ళీ గుడ్డ బిరుసెక్కుతుంది. ఈ మూడూ ఒకే గుడ్డలో కుదరాలంటే ఖర్చవుతుంది. అదేమీ మోసం కాదు.

అయితే ఆ నిశ్శబ్దం ఎవరికి అక్కర? బాణంతో వేటాడేవాళ్ళకు. వాళ్ళు జింకకు ఇరవై ముప్పై గజాల్లో కూర్చుని, అది చూస్తుండగానే విల్లు లాగాలి. మా అల్లుడిది తుపాకీ. వంద గజాల అవతల ఉన్న జింకకు నీ చొక్కా చప్పుడు వినపడుతుందా? పైగా విస్కాన్సిన్‌లో తుపాకీ సీజన్‌లో నడుము పైన వేసుకునే పై బట్టలో కనీసం సగం మెరిసే నారింజ రంగో, మెరిసే గులాబీ రంగో ఉండాలని చట్టం. ఒకరినొకరు కాల్చుకోకుండా ఆ ఏర్పాటు. జింకకు నారింజ రంగు మనకు కనిపించినట్టు కనిపించదట. కాబట్టి మా అల్లుడు ఆకులూ కొమ్మల ప్రింటున్న 400 డాలర్ల జాకెట్ మీద కొద్ది డాలర్ల నారింజ చొక్కా తొడుక్కుని పోతున్నాడు. ఆ ప్రింటును చూసేది మా అమ్మాయి ఒక్కతే, బిల్లుతో పాటు.

ఇంతవరకూ బల్ల మీద చూసిన సంగతి. అసలు సంగతి చలిలో తెలిసింది.

ఊరికే చూడ్డానికని నేనూ వాళ్ళ వెంట వెళ్ళాను. మైనస్ ఎనిమిదో తొమ్మిదో డిగ్రీలు. నా తెలివికి తోచినట్టు కాటన్ బనియను, చొక్కా, రెండు స్వెట్టర్లు, జాకెట్టు, మంకీ క్యాపు, పైన నారింజ చొక్కా. చీకట్లో అరమైలు దూరం, గడ్డకట్టిన పొలం గట్టు మీద నడిచాం. నడుస్తుంటే వెచ్చగా, హాయిగా ఉంది. చలి అంటే ఇంతేనా అనుకున్నాను. కూర్చున్న అరగంటకు వీపు మీద ఎవరో తడి తువ్వాలు వేసినట్టయింది. పళ్ళు టకటకలాడుతున్నాయి. గంటకల్లా కారులో ఉన్నాను. హీటరు వేసుకుని, అల్లుడి వేట చెడగొట్టానే అని సిగ్గుపడుతూ.

రాత్రి చూస్తే బనియను వీపు భాగం ఇంకా తడిగానే ఉంది. చెమట! పొరల మీద పొరలు వేసుకుని నడవడంతో చెమట పట్టింది, కాటన్ దాన్ని పీల్చి ఒంటికి అంటిపెట్టుకుంది. నీరు ఒంటి వేడిని గాలి కంటే పాతిక రెట్ల వేగంగా లాగేస్తుంది. మన ఎండలకు కాటన్‌ను దేవుడిచ్చిందే ఇందుకు, తడిసి చల్లబరచడానికి. అక్కడ అదే పని ప్రాణం తీస్తుంది.

మర్నాడు అవే స్వెట్టర్లు, అదే జాకెట్. మార్చింది రెండే. కాటన్ బనియను తీసేసి అల్లుడి మెరీనో (సన్న ఉన్నినిచ్చే గొర్రె జాతి) ఉన్ని బనియను వేసుకున్నాను. నడిచేటప్పుడు జాకెట్టూ ఒక స్వెట్టరూ సంచిలో పెట్టుకుని, కొంచెం వణుకుతూనే నడిచి, కూర్చున్నాక తొడుక్కున్నాను. నాలుగు గంటలు కూర్చున్నా. జింకలు కనిపించలేదు, అది వేరే సంగతి.

అందుకని నా తీర్పు ఇలా చెప్పాను. ఒంటికి తగిలే బట్టకు డబ్బు పెట్టు, ఆలోచించొద్దు. అది 90 డాలర్లయినా సరే. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా ఆవిరి పీల్చుకున్నా తడిగా అనిపించదు, నాలుగు రోజులు వేసుకున్నా కంపు కొట్టదు. డబ్బు లేకపోతే పాలిస్టర్ బనియనూ పనికొస్తుంది. అది నీటిని దాదాపు పీల్చదు, త్వరగా ఆరుతుంది, కాకపోతే రెండో రోజుకే వాసన. గుచ్చుకుంటుందేమో అని భయపడొద్దు. ఇలాంటి బనియన్లకు వాడే మెరీనో పోగు మామూలుగా 20 మైక్రాన్ల లోపు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు కంటే సన్నగా ఉంటుంది. మన నెల్లూరు గొర్రెను చూసి ఉన్ని మీద ఒక అభిప్రాయానికి రాకండి. అందులో జోడిపి రకమైనా పల్ల రకమైనా దాని ఒంటి మీద ఉండేది వెంట్రుకే, అది మాంసానికి పెంచే గొర్రె.

మధ్య పొరకు బ్రాండు అక్కర్లేదు. గాలిని పట్టి ఉంచడమే దాని పని. మామూలు ఫ్లీసు, పాత ఉన్ని స్వెట్టరు ఏదైనా సరిపోతుంది. ఇక్కడ చలికాలంలో రోడ్డు పక్కన పరిచి అమ్మే స్వెట్టర్లలో చాలావాటికి ఉన్ని అని చెబుతారు, అవి యాక్రిలిక్, అంటే ప్లాస్టిక్ పోగు. లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగి, పట్టకారతో పట్టుకుని కాల్చండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిదవుతుంది. యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. కాటన్ కాగితంలా కాలిపోతుంది. అమ్మేవాడి ముందు చేయొద్దు, గొడవవుతుంది.

పై జాకెట్ విషయంలో మాత్రం ఎన్ని రోజులు వేసుకుంటావో లెక్కేసుకోవాలి. మా అల్లుడు ఏడాదికి ఐదు రోజులు పోతాడు. ఐదేళ్ళు వేసుకున్నాడనుకున్నా, బట్టలన్నిటికీ పెట్టిన 1,600ను 25 రోజులతో భాగిస్తే రోజుకు 64 డాలర్లు. పెళ్ళికి కుట్టించిన షేర్వాణీ లెక్క కంటే నయమే గానీ, మా అమ్మాయికి ఆ మాట చెప్పలేదు. ఏడాదికి ముప్పై రోజులు, వానలో మంచులో కొండలెక్కేవాడికి అదే జాకెట్ చవక. కారు దగ్గర్నుంచి అరమైలు నడిచి కదలకుండా కూర్చునేవాడికి లావుగా, వదులుగా ఉన్న మామూలు జాకెట్ చాలు. మిగిలిన డబ్బు బూట్లకూ గ్లౌజులకూ పెట్టొచ్చు. ముందు చచ్చుబడేవి వేళ్ళే.

ఇక కొలతలు. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు, ఎందుకంటే ఒక్కో బట్టా విడిగా తొడిగి చూస్తారు. లోపలిది ఒంటికి అంటుకోవాలి, లూజు వద్దు. మధ్యదానికి ఛాతీ కొలత మీద మూడు నాలుగు అంగుళాలు, పైదానికి ఎనిమిది దాకా లూజు ఇస్తాను నేను. అన్నీ తొడుక్కుని గొంతుక్కూర్చోండి, చేతులు ముందుకు కట్టుకోండి. వీపు బిగిస్తే పెద్ద సైజు తీసుకోండి. వెచ్చదనమంతా పొరల మధ్య గాలిలో ఉంది, బిగుతు బట్ట ఆ గాలిని నొక్కి బయటికి పంపేస్తుంది.

ఇంటికొచ్చాక నా షాపులో ఈ కథ చెబితే ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు మనకీ అలాంటి జాకెట్ కావాలన్నారు. ఒకడు పక్షుల ఫొటోలు తీస్తాడు, చలికాలం వస్తే నేలపట్టు పక్షుల కేంద్రానికి పోతాడు. (2022 దాకా నేలపట్టు మా జిల్లాలోనే ఉండేది. ఇప్పుడు తిరుపతి జిల్లా.) ఇంకొకడు రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా. ఇద్దరికీ వద్దనే చెప్పాను. జనవరి తెల్లవారుజామున కూడా ఇక్కడ 20 డిగ్రీలకు అటూ ఇటూ. మైనస్ చలికి చేసిన జాకెట్‌లో ఉడికిపోతారు. పక్షులవాడికి మట్టి రంగు వదులు చొక్కా కుట్టిచ్చాను. కాపలావాడికి మఫ్లరు, గాలి ఆపే పలచని బైకు జాకెట్ చాలు.

వానకు గాలాడే జాకెట్ అంటూ వేలకు వేలు పెట్టేవాళ్ళకు ఒక మాట. గోర్‌టెక్స్ లాంటి పొర లోపలి ఆవిరిని బయటికి పంపేది లోపల తేమ ఎక్కువ, బయట తక్కువ ఉన్నప్పుడే. మన నవంబరు తుఫాను వానలో బయట గాలే తడి బట్టలా ఉంటుంది. ఆవిరి ఎక్కడికి పోతుంది? అక్కడ చంకల కింద జిప్పు ఉన్న మామూలు రెయిన్‌కోటే సుఖం. కేదార్‌నాథ్ యాత్రకు వెళ్ళే పెద్దవాళ్ళకైతే అల్లుడికి చెప్పిందే చెబుతాను. కాటన్ బనియను ఇంట్లో పెట్టి వెళ్ళండి.

కొన్నవాళ్ళు ఉతికే పద్ధతి కూడా తెలుసుకోవాలి. బట్టలు మెత్తబడడానికి వేసే ద్రవం వద్దు, అది పోగులకు పూతలా పట్టి చెమట లాగనివ్వదు. నీలిమందు, తెల్లగా మెరిపించే పొడులు వేట బట్టలకు అసలే వద్దు. జింక కన్ను నీలం రంగును బాగా పడుతుంది. మనకు తెల్లగా మెరిసేది దానికి ఇంకా మెరుస్తుందని వేటగాళ్ళు అంటారు. వాన ఆపే జాకెట్ మీద నీళ్ళు పూసల్లా జారడం మానేస్తే కొత్తది కొనక్కర్లేదు. శుభ్రంగా ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే తక్కువ వేడి మీద డ్రయ్యర్‌లో తిప్పితే చాలాసార్లు మళ్ళీ జారుతాయి.

చిరిగితే నాలాంటి టైలరు దగ్గరకు పరిగెత్తొద్దు. ఒకసారి ఒకాయన ట్రెక్కింగ్ జాకెట్ తెచ్చాడు, మోచేతి దగ్గర చిన్న చిరుగు. నేను చక్కగా రెండు వరసల కుట్టు వేసిచ్చాను. కనిపించనే కనిపించలేదు. నెల తర్వాత వచ్చి, మోచెయ్యంతా తడుస్తోందన్నాడు. ఒక్క చిరుగును నలభై చిల్లులు చేశాను. అతికించే ప్యాచ్ తెప్పించి లోపలా బయటా వేసి, నా డబ్బు వెనక్కిచ్చాను. జిప్పు రన్నరు పోతే మాత్రం తీసుకురండి. అల్లుడి పాత జాకెట్ ఇప్పుడు అందుకే నా మిషను మీద ఉంది.