రాకెట్ వాదన నేర్చుకుందాం – 4వ పాఠం: సద్ది మూట లెక్క

      

ఈసారి రాకెట్ దశల సంగతి. రాకెట్‌ను ఒకదాని మీద ఒకటి పేర్చిన దశలుగా (స్టేజ్‌లుగా) కడతారు, కింది దశలో ఇంధనం అయిపోగానే దాన్ని వదిలేసి పై దశ ముందుకు పోతుంది. మొన్న నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతుంటే మా అల్లుడు, ఇంటర్ సెకండియర్ పిలగాడు, ఉన్నట్టుండి అడిగాడు: "మామా, ఫస్ట్ స్టేజ్‌ను అంత మంచిగ కిందికి దించుతుండ్రు గదా, సెకండ్ స్టేజ్‌ను ఎందుకు దించరు? పైసలు మిగలవా?"

నేను పెద్దమనిషి లెక్క చెప్పాను, "అది మస్తు స్పీడ్ మీద ఉంటదిరా, గాలిలకు రాంగనే కాలిపోతది" అని.

"మరి మనుషులు కూసున్న క్యాప్సూల్ కూడా అదే స్పీడ్‌తోని వస్తది గదా మామా. అది కాలిపోతలేదు గదా?"

నిజమే. క్యాప్సూల్‌కు వేడి తట్టుకునే కవచం ఉంటుంది, రెండో దశకూ తొడగొచ్చు. అంటే నా జవాబు సగమే. మిగతా సగం ఆ కవచం బరువులో ఉంది, ఆ బరువును ఎక్కడ మోస్తున్నామన్న దాంట్లో ఉంది. రాకెట్ వాదనల్లో నూటికి తొంభై ఇక్కడే తెగుతాయని నా అనుభవం. అందుకే కాగితం, పెన్ను తీయండి.

సలేశ్వరం జాతరకు పోయినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. నల్లమలలో రాళ్ల దారిలో దిగి ఎక్కాలంటే నీళ్లు కావాలి, ఆ నీళ్లు మోసేందుకు ఒళ్లు అలుస్తుంది, అలిసిన ఒంటికి ఇంకొన్ని నీళ్లు కావాలి. సద్ది మూట మోయడానికే ఇంకో సద్ది మూట. రాకెట్ అవస్థ అచ్చం ఇదే, పైకి పోవడానికి ఇంధనం, ఆ ఇంధనాన్ని పైకి మోయడానికి మళ్లీ ఇంధనం. (ఖాళీ అయిన సీసాను దారిలో పడేస్తే బరువు తగ్గుతుంది, రాకెట్ చేసేదీ అదే. మీరు మాత్రం పడేయకండి, అది పులుల అడవి.)

ఈ అవస్థకు సూత్రం రాసి 1903లో అచ్చువేయించింది రష్యాలో బడిపంతులుగా పనిచేసిన సియోల్కోవ్‌స్కీ. అందులో సంవర్గమానం ఉంటుంది, అది చూడగానే చాలామంది పుస్తకం మూసేస్తారు. మూయకండి, దానికి ఒక అడ్డదారి ఉంది, నేను దాన్ని రెట్టింపు లెక్క అంటాను. ఇంజన్ నుంచి వాయువు ఎంత వేగంతో వెళ్తుందో దాన్ని 0.7తో గుణించండి. కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ మండించే ఇంజన్‌కు ఆ వేగం సెకనుకు సుమారు 3 కిలోమీటర్లు, గుణిస్తే 2.1. అంటే, రాకెట్ తన బరువులో సగం కాల్చి వదిలేసిన ప్రతిసారీ 2.1 కిలోమీటర్ల వేగం పెరుగుతుంది. 100 టన్నులు 50 అయితే 2.1, ఆ 50 కాస్తా 25 అయితే ఇంకో 2.1. మొదటి సగానికి 50 టన్నులు కాలింది, రెండో సగానికి 25 చాలింది, వేగం మాత్రం అంతే పెరిగింది. దీన్ని ఒకటికి రెండుసార్లు చదవండి, ఇక్కడ జారితే ముందు ఏదీ అందదు.

ఎంత వేగం కావాలి? భూమికి దగ్గరి కక్ష్యలో తిరగాలంటే సెకనుకు 7.8 కిలోమీటర్లు. పైకి లేచేటప్పుడు భూమి వెనక్కి గుంజుతుంది, గాలి అడ్డం పడుతుంది, ఆ నష్టం కలిపితే 9.4 అనుకోండి. శ్రీహరికోట నుంచి తూర్పుకు పంపితే భూమి తిరిగే వేగం దాదాపు 0.45 ఉచితంగా కలిసొస్తుంది, కానీ ఈరోజు ఆ లాభం లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఒకే దశతో పోదాం. 9.4ను 2.1తో భాగిస్తే దాదాపు నాలుగున్నర. అంటే 100 టన్నులను నాలుగున్నర సార్లు సగం చేయాలి: 50, 25, 12.5, 6.25, ఆ పైన ఇంకో అరసగం చేస్తే 4.4. కక్ష్యకు చేరేది 4.4 టన్నులు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది, కానీ అందులోనే ట్యాంకులు, ఇంజన్లు, పైపులు అన్నీ ఉండాలి. 95 టన్నుల ఇంధనం పట్టే డొక్కు, అంటే ఇంధనం పోగా మిగిలే ఖాళీ ఒళ్లు, ఎంత పొదుపుగా చేసినా ఆరు టన్నులుందనుకుంటే, ఉపగ్రహానికి చోటు లేకపోగా మనమే ఇంకా బాకీ పడ్డాం.

ఒకప్పుడు నేను ఇక్కడే బోర్లా పడ్డాను. హైడ్రోజన్ వాడితే వాయువు వేగం 4.4 కిలోమీటర్లు, ఒక్కో సగానికి 3.1 వస్తుంది, మూడు సగాలు చాలు, 100 టన్నుల్లో 12 టన్నులు కక్ష్యకు చేరతాయి అని గట్టిగా వాదించాను. లెక్క తప్పు కాదు, ట్యాంకు మర్చిపోయాను. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఇంటి మీద ఉంది కదా, దాన్ని నీళ్లతో నింపితే టన్ను, ద్రవ హైడ్రోజన్‌తో నింపితే సుమారు 70 కిలోలే. అంత తేలిక సరుకుకు అంత పెద్ద డ్రమ్ము, పైగా మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉంచాలి. డొక్కు బరువు ఆ 12 టన్నుల్లో ఎక్కువ భాగం మింగేస్తుంది. ఎదుటివాళ్లు ఆ మాట అనేదాకా నాకు తట్టనే లేదు.

ఇప్పుడు రెండు దశలు. 9.4ను సగం చేసి ఒక్కో దశకు 4.7 ఇద్దాం. 4.7ను 2.1తో భాగిస్తే రెండుంపావు, అంటే బరువు 4.8 వంతుల్లో ఒక వంతుకు తగ్గాలి. 100 టన్నులు మొదటి దశ ఆగేసరికి 21 టన్నులవుతాయి. మొదటి దశ డొక్కు 6 టన్నులు, వదిలేశాం, మిగిలింది 15. ఆ 15 మళ్లీ 4.8 వంతుల్లో ఒక వంతు, అంటే 3.1. రెండో దశ డొక్కు ఒక టన్ను తీసేస్తే ఉపగ్రహానికి 2.1 టన్నులు. బాకీ పోయి లాభంలోకి వచ్చాం, సీసా పడేసినందుకు. చంద్రయాన్-3ను మోసిన ఎల్‌వీఎం3 బరువు 640 టన్నులు, దగ్గరి కక్ష్యకు అది మోసేది 8 టన్నులు, కాబట్టి మన కాగితం రాకెట్ మరీ గాలిమేడేం కాదు.

ఇక అల్లుడి ప్రశ్న. మొదటి దశను వెనక్కి తేవాలంటే కాళ్లు కావాలి, రెక్కలు కావాలి, దిగడానికి కొంత ఇంధనం దాచుకోవాలి. మొత్తం 3 టన్నులు అదనం అనుకోండి. 21లోంచి 6 కాదు, ఇప్పుడు 9 పోతుంది, మిగిలింది 12. దాన్ని 4.8తో భాగిస్తే 2.5, చిన్నబోయిన రెండో దశ డొక్కు 0.8 తీసేస్తే 1.7 టన్నులు. ఉపగ్రహం 2.1 నుంచి 1.7కు తగ్గింది. 3 టన్నులు కట్టాం, నష్టపోయింది 0.4 టన్నులే. అంటే కింద ఏడెనిమిది కిలోలు పెంచితే పైన ఒక్క కిలో పోతోంది.

అదే రెండో దశకు కవచం, కాళ్లు, ఇంధనం అన్నీ కలిపి ఒక టన్ను కట్టండి. అది నేరుగా కక్ష్య దాకా పోతుంది కాబట్టి 2.1లోంచి ఒక టన్ను మొత్తం పోతుంది. కిలోకు కిలో. సగం సరుకు పాయె.

ఇదీ అల్లుడికి నేను చెప్పాల్సిన జవాబు. అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ తన ఫాల్కన్ 9 రాకెట్ మొదటి దశను 2015 డిసెంబర్‌లో తొలిసారి దించారు, రెండో దశను మాత్రం ఇప్పటికీ వదిలేస్తున్నారు. ఏదీ వెనక్కి తేకపోతే అది దగ్గరి కక్ష్యకు 22.8 టన్నులు మోస్తుందని కంపెనీ లెక్క, మొదటి దశను దించుకుంటూ పోతే 17 టన్నుల పైచిలుకు. మన ఇస్రోకు 2024 సెప్టెంబర్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన కొత్త తరం రాకెట్ ఎన్‌జీఎల్‌వీలో కూడా తిరిగి వాడేలా అనుకుంటున్నది మొదటి దశనే. రెండు దశలనూ తెస్తామని పట్టుబట్టి స్పేస్‌ఎక్స్ కడుతున్న స్టార్‌షిప్ రాకెట్ అంత భారీగా ఎందుకుందో ఇప్పుడు మీకే తెలుస్తుంది, కిలోకు కిలో పోతుంటే తట్టుకోవాలంటే ముందే పెద్దగా కట్టాలి.

ఇంత చెప్పాక కూడా వాదన మిగిలే ఉంటుంది, ఎందుకంటే బరువు వేరు, పైసలు వేరు. ఫాల్కన్ 9 ఏడాదికి వందకు పైగా ఎగురుతోంది, మన ప్రయోగాలు పది లోపే. దించిన దశను ఏడాదికోసారి వాడేట్టయితే దాన్ని కాపాడుకోవడానికి పెట్టిన ఖర్చు తిరిగి వస్తుందా? ఇస్రో తిరిగి వాడే రాకెట్ ఎప్పుడో కట్టాల్సింది అనేవాళ్లను నేను ముందు ఈ మాటే అడుగుతాను. వచ్చే పాఠం మొత్తం దీని మీదే.

ఈ వారం లెక్క: చంద్రుడి దగ్గరి కక్ష్యలో ల్యాండర్ వేగం సెకనుకు సుమారు 1.7 కిలోమీటర్లు, అక్కడ గాలి లేదు కాబట్టి పారాచూట్ పనిచేయదు, వేగం మొత్తం ఇంజన్‌తోనే చంపాలి. దిగేటప్పుడు చంద్రుడు గుంజేదీ కలిపి 2 అనుకోండి. వాయువు వేగం 2.9. విక్రమ్ ల్యాండర్ భూమి మీద బయల్దేరినప్పుడు రోవర్‌తో కలిపి సుమారు 1,750 కిలోలు. 2023 ఆగస్టు 23న చంద్రుడి నేల మీద కాలు మోపినప్పుడు ఎన్ని కిలోలు ఉండి ఉంటుంది? క్యాలిక్యులేటర్ ముట్టుకోకుండా చెప్పండి.