క్లీన్ చేసిన ప్రతిసారీ వైరస్ తిరిగొస్తోందా? ఈఎక్స్‌ఈ ఫైళ్లకు పట్టే వైరస్‌ని వదిలించే పద్ధతి

యాంటీవైరస్ వందల ఫైళ్లు పట్టుకుంది. అన్నీ డిలీట్ కొట్టారు, రీస్టార్ట్ చేశారు, కాసేపటికి అదే వైరస్ పేరుతో మళ్లీ అంత జాబితా వచ్చింది. మీ పరిస్థితి ఇదే అయితే దయచేసి ఇంకోసారి స్కాన్ నొక్కకండి. ముందు నెట్ కేబుల్ తీసేయండి, వైఫై ఆపండి, పెన్‌డ్రైవ్ ఉంటే పీకేయండి, మిగతాది ఫోన్‌లో చదవండి.

సమస్య: ఇది మామూలు ట్రోజనా, ఫైల్ వైరసా?

ట్రోజన్‌కి (మంచి ప్రోగ్రామ్‌లా నటిస్తూ లోపలికొచ్చే హానికర ప్రోగ్రామ్) సాధారణంగా తనవంటూ ఒకటో రెండో ఫైళ్లుంటాయి, వాటిని తీసేస్తే చాలావరకు పని అయిపోతుంది. ఫైల్ వైరస్ అలా కాదు, మీ సిస్టమ్‌లో ఇప్పటికే ఉన్న ఈఎక్స్‌ఈ (ప్రోగ్రామ్‌ని నడిపే ఫైలు), ఎస్‌సీఆర్ (స్క్రీన్‌సేవర్) ఫైళ్లలోకి, కొన్ని రకాలైతే డీఎల్‌ఎల్‌లలోకి (ప్రోగ్రాములు వాడుకునే సహాయక ఫైళ్లు) కూడా దూరి తన కోడ్ అతికిస్తుంది. అందుకే ఒకదానితో ఒకటి సంబంధం లేని ప్రోగ్రాములన్నిట్లో, అంటే ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌లో, వీడియో ప్లేయర్‌లో, ఎప్పుడో దాచుకున్న గేమ్ సెటప్‌లో ఒకే వైరస్ పేరు కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. డిఫెండర్ (విండోస్‌తో వచ్చే యాంటీవైరస్) వాడేవాళ్లు వైరస్ పేరు మొదట్లో ఏముందో చూడండి, 'ట్రోజన్' బదులు 'వైరస్' అని ఉంటే మైక్రోసాఫ్ట్ దాన్ని ఫైళ్లకు సోకే రకంగా గుర్తించినట్టే.

ఇంకో గుర్తు, నిన్నటిదాకా బాగా పనిచేసిన సెటప్ ఫైలు 'ఇంటెగ్రిటీ చెక్' ఫెయిలైందని ఆగిపోవడం. ఫైలు మారిందని సెటప్పే స్వయంగా కనిపెట్టిందన్నమాట. పేరున్న కంపెనీ ప్రోగ్రామ్ అయితే ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ కూడా చూడొచ్చు, సంతకం చెల్లదని వస్తే ఆ ఫైలు మారి ఉండొచ్చు. ఫైలు సైజు పెరగడం కూడా గుర్తే కానీ పెరగలేదు కదా అని ధైర్యపడొద్దు. 1998లో బయటపడ్డ సీఐహెచ్ అనే వైరస్, ఈఎక్స్‌ఈ లోపల వాడకుండా మిగిలిన ఖాళీల్లో తన కోడ్‌ని ముక్కలుగా సర్దుకునేది, సైజు ఒక్క బైట్ కూడా మారేది కాదు.

కారణం: ఎందుకు తిరిగొస్తుంది?

విండోస్ ఏ ఈఎక్స్‌ఈని నడపాలన్నా అందులో 'ఎంట్రీ పాయింట్' అనే చోటు నుంచి మొదలుపెడుతుంది. వైరస్ చాలాసార్లు తన కోడ్‌ని ఫైలు చివర చేర్చి, ఎంట్రీ పాయింట్‌ని తనవైపు తిప్పుకుంటుంది. మీరు ప్రోగ్రామ్ తెరిస్తే ముందు వైరస్ నడుస్తుంది, తన పని చూసుకుని తర్వాత అసలు ప్రోగ్రామ్‌కి దారి వదులుతుంది. బయటికి అంతా మామూలుగానే ఉంటుంది కాబట్టి రోజుల తరబడి ఎవరికీ తెలియదు.

అసలు చిక్కు ఇక్కడుంది. వైరూట్ లాంటి వైరస్‌లు మెమరీలో కూర్చుని, విండోస్ ఏ ఫైలు తెరుస్తోందో కనిపెట్టుకుని ఉంటాయి. అప్పుడు ఈఎక్స్‌ఈ నడవక్కర్లేదు, దాన్ని ఎవరు తెరిచినా చాలు, అంటుకుంటుంది. మరి డిస్కులో ఉన్న ప్రతి ఫైలునీ తెరిచి చూసేది ఎవరు? మీ యాంటీవైరస్సే. వైరస్ మెమరీలో బతికుండగా ఫుల్ స్కాన్ పెడితే అప్పటిదాకా బాగున్న ఫైళ్లకు కూడా మీరే దారి చూపించినట్టవుతుంది. సోకిన విండోస్ లోపలి నుంచి శుభ్రం చేయొద్దని నేను ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

పరిష్కారం: బయటి నుంచి బూట్ చేయండి

వైరస్ లేని వేరే కంప్యూటర్‌లో రెస్క్యూ పెన్‌డ్రైవ్ తయారుచేసుకోండి. కాస్పర్‌స్కీ రెస్క్యూ డిస్క్, డాక్టర్ వెబ్ లైవ్‌డిస్క్ రెండూ ఉచితమే. దానితో బూట్ చేస్తే మీ విండోస్ అసలు మొదలవ్వదు, వైరస్ ఫైళ్లలో ఉన్నా నడిచే వీలు ఉండదు. కొన్ని సిస్టమ్‌లలో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే బూట్ అవనిచ్చే సెట్టింగ్) తాత్కాలికంగా ఆపాల్సి వస్తుంది. బిట్‌లాకర్ (డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్) ఉంటే రికవరీ కీ చేతిలో పెట్టుకుని మొదలుపెట్టండి, సెక్యూర్ బూట్ మార్చాక విండోస్ ఆ కీ అడగొచ్చు. పైగా లాక్ తియ్యని డ్రైవ్‌ని రెస్క్యూ డిస్క్ చదవలేదు.

స్కాన్‌లో సీ డ్రైవ్ ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు. అన్ని పార్టిషన్లూ, ఎక్స్‌టర్నల్ డిస్కులూ, ఈ మధ్య ఆ కంప్యూటర్‌కి పెట్టిన ప్రతి పెన్‌డ్రైవూ అదే విడతలో అయిపోవాలి. ఒక మూల సెటప్ ఫైలు ఒక్కటి మిగిలినా కథ మళ్లీ మొదటికొస్తుంది. దొరికినవాటికి ముందు 'డిసిన్‌ఫెక్ట్' లేదా 'క్యూర్' ఎంచుకోండి. కంగారులో అన్నీ డిలీట్ కొడితే విండోస్ సొంత ఫైళ్లు కూడా పోయి సిస్టమ్ లేవదు. బాగుచేయలేని ఫైళ్లు ప్రోగ్రాములవైతే తీసేసి తర్వాత మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.

జాబితా సున్నాకి వచ్చేదాకా స్కాన్ మళ్లీ మళ్లీ చేయండి. తర్వాతే విండోస్‌లోకి వెళ్లి, నెట్ ఇంకా ఆపే ఉంచి, సిస్టమ్ రీస్టోర్ పాయింట్లు తీసేయండి, పాత కాపీలు వాటిలో ఉండిపోతాయి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి సిస్టమ్ ఫైల్ చెకర్ (sfc /scannow కమాండ్, పాడైన విండోస్ ఫైళ్లను సరిచేస్తుంది) నడపండి.

క్లీన్ అయ్యాక వచ్చే తలనొప్పులు

ఏ ప్రోగ్రామూ తెరుచుకోవట్లేదు. ఇది నెష్టా అనే ఫైల్ వైరస్ దెబ్బ. అది విండోస్ ఫోల్డర్‌లో ఎస్‌వీసీహోస్ట్ పేరుతో, డాట్ కామ్ ఎక్స్‌టెన్షన్‌తో తన కాపీ పెట్టి, ప్రతి ఈఎక్స్‌ఈ తన మీదుగానే తెరుచుకునేలా రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగ్‌లు దాచుకునే చోటు) మారుస్తుంది. ఆ కాపీ పోయి రిజిస్ట్రీ అలాగే మిగిలితే ఇక ఏదీ తెరుచుకోదు. రిజిస్ట్రీ ఎడిటర్ ఫైలుకి (regedit.exe) ఒక కాపీ తీసి దాని ఎక్స్‌టెన్షన్ డాట్ కామ్‌గా మార్చండి, అది తెరుచుకుంటుంది. క్లాసెస్ రూట్‌లో (HKEY_CLASSES_ROOT) ఈఎక్స్‌ఈఫైల్, షెల్, ఓపెన్, కమాండ్ దాకా వెళ్లి డిఫాల్ట్ విలువని "%1" %* అని పెట్టండి.

సేఫ్ మోడ్‌కి వెళ్తే బ్లూ స్క్రీన్, టాస్క్ మేనేజర్ 'అడ్మిన్ నిలిపేశారు' అంటోంది. ఇవి సాలిటీ అనే ఫైల్ వైరస్ గుర్తులు, సేఫ్ మోడ్‌కి కావాల్సిన రిజిస్ట్రీ కీలను అది తుడిచేస్తుంది. ఫైళ్లు బాగైనా అవి వాటంతట అవి రావు. విండోస్ ఐఎస్‌ఓతో (ఇన్‌స్టాలేషన్ డిస్క్ ఇమేజ్ ఫైలు), ఫైళ్లు ఉంచుకుంటూ రిపేర్ ఇన్‌స్టాల్ చేయడమే తేలిక.

ఎప్పుడు ఫార్మాట్ చేయాలి?

వచ్చింది వైరూట్ అయితే నా సలహా ఒకటే, బాగుచేయాలని చూడకండి. దాని కోడ్‌లోనే తప్పులున్నాయి, కొన్ని ఫైళ్లను అంటుకునేటప్పుడే పాడుచేస్తుంది, పాడైనదాన్ని ఏ యాంటీవైరస్ కూడా వెనక్కి తేలేదు. డాక్యుమెంట్లు, ఫొటోలు, వీడియోలు మాత్రం రెస్క్యూ డిస్క్ నుంచే కాపీ చేసుకుని మొత్తం ఫార్మాట్ చేయండి. ఈఎక్స్‌ఈలు, స్క్రీన్‌సేవర్లు, సెటప్‌లున్న జిప్ ఫైళ్లు బ్యాకప్‌లోకి రానివ్వొద్దు. సేవ్ చేసుకున్న వెబ్ పేజీలు కూడా వద్దు, ఎందుకంటే వైరూట్, రామ్‌నిట్ (ఇంకో ఫైల్ వైరస్) రెండూ హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైళ్లలో కూడా తమ కోడ్ చేరుస్తాయి.

ఆఫీసులో షేర్డ్ ఫోల్డర్ ఉంటే ఒక్క కంప్యూటర్ బాగుచేసి లాభం లేదు, అన్నిటినీ నెట్‌వర్క్ నుంచి తీసి ఒక్కొక్కటే శుభ్రం చేసి, ఆ తర్వాతే కలపండి. రామ్‌నిట్ బ్యాంక్ లాగిన్లు దొంగిలించే రకం కూడా కాబట్టి పాస్‌వర్డ్‌లన్నీ వేరే కంప్యూటర్ నుంచి ఈ రోజే మార్చేయండి, క్లీనింగ్ పూర్తయ్యేదాకా ఆగొద్దు.