కరెంటు లేదనుకుని తీగ ముట్టుకోకండి

ఇటీవల మా పక్క ఊళ్లో రొయ్యల చెరువు గట్టున తెగిపడిన తీగను పక్కకు తీయబోయి ఒక రైతు ప్రాణం పోగొట్టుకున్నాడు. అతను తీగ పట్టుకునే సరికి ఊరంతా కరెంటు పోయి అరగంట దాటింది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలంలో నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు గాలివానలు తప్పవు. 2021 నవంబరులో పెన్నా వరదను, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానును చూసినవాళ్లం కనుక ఈ మాట ముందే చెప్పాలనిపించింది.

తడి చేతులతో స్విచ్ వేయకూడదని అందరికీ తెలుసు కాబట్టి దాని జోలికి వెళ్లను. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతూ ఇన్నేళ్లలో నేను విన్న కరెంటు చావుల్లో ఎక్కువ భాగం "కరెంటు లేదు కదా" అన్న మాటతోనే మొదలయ్యాయి.

ఆ రైతు సంగతి తెలిసిన మర్నాడు పదో తరగతి పిల్లవాడొకడు లేచి, "కరెంటు పోతే వోల్టేజి సున్నాయే కదా సార్?" అని అడిగాడు. సున్నా అయ్యేది బల్బుకు మాత్రమే. పొలానికి వచ్చే మూడు ఫేజుల్లో, అంటే కరెంటు తెచ్చే మూడు తీగల్లో, ఒకటి తెగి దాని ఫ్యూజు పోతే మోటారు ఆగిపోవచ్చు, తక్కిన రెండు తీగల్లో మాత్రం కరెంటు అలాగే ఉంటుంది. స్టార్టర్ ఆన్‌లో ఉంటే, మోటారు లోపలి చుట్లు ఒకదానితో ఒకటి కలిసి ఉన్నందున, ఆ కరెంటు చుట్ల గుండా తిరిగి తెగిన తీగ మోటారు వైపు కొసకు కూడా చేరుతుంది. ఇక లైను మొత్తం ఆగి ఉన్నా, సబ్‌స్టేషన్‌లో మళ్లీ సరఫరా ఇచ్చే క్షణం గట్టు మీద నిలబడిన మనిషికి తెలిసే దారే లేదు.

జనరేటర్ల విషయం ఇంకా ఘోరం. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే రొయ్యలు చచ్చిపోతాయన్న ఆత్రంలో లైనునూ జనరేటర్‌నూ వేరుచేసే ఛేంజ్ ఓవర్ స్విచ్ లేకుండా జనరేటర్‌ను నేరుగా లైనుకు కలిపితే, అది ఇచ్చే 400 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లో వెనక్కి నడిచి అవతల సుమారు 11,000 వోల్టులవుతాయి. స్తంభం మీద "కరెంటు లేదు కదా" అనుకుని పనిచేసే లైన్‌మన్ కూడా మన ఊరివాడే, అతనికీ పిల్లలున్నారు.

పాఠంలోని లెక్క ఒక్కసారి వేసి చూడండి. బాగా పొడిగా ఉన్న శరీరం నిరోధం 1,00,000 ఓములనుకుంటే 240 వోల్టుల దగ్గర 0.0024 ఆంపియర్లే ప్రవహిస్తాయి. ఉప్పునీటిలో తడిసిన శరీరానికి అది 100 ఓములకు పడిపోతుంది, అప్పుడు ప్రవాహం 2.4 ఆంపియర్లు, అంటే వెయ్యి రెట్లు. గుండె లయ తప్పడానికి 0.07 ఆంపియర్లు చాలు. కొత్తపట్నం, విడవలూరు వైపు చెరువుల్లో దిగి, చేతులపై ఉప్పునీరు ఇంకా ఆరని మనిషి ఈ రెండో లెక్కకు చెందినవాడు. కరెంటు మోతాదు మించితే పడిపోయే స్విచ్, అంటే 16 ఆంపియర్ల ఎంసీబీ, తీగను కాపాడుతుందే గానీ మనిషిని కాదు. మనిషి కోసం, కరెంటు కొద్దిగా నేలకు లీకైనా సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల (0.03 ఆంపియర్ల) ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి.

వానలు మొదలవకముందే స్టార్టర్ పెట్టెకు, మోటారుకు ఎర్తింగ్ సరిచూపించండి. మోటారు ముట్టేముందు స్విచ్ ఆపడంతో సరిపెట్టక ఫ్యూజులు మూడూ పీకి జేబులో వేసుకోండి. స్తంభం ఒరగకుండా నేలకు లాగి కట్టే స్టే తీగకు గేదెను కట్టకండి. తీగ పడితే పది మీటర్ల దూరంలో ఆగండి, ఎందుకంటే తడి నేలలో కూడా కరెంటు పాకుతుంది, రెండు పాదాల మధ్య వోల్టేజి తేడా వస్తుంది. దగ్గరగా ఉండిపోతే పాదాలు జతగా ఆనించి, ఎత్తకుండా జరుపుకుంటూ వెనక్కి రండి. తడిసిన వెదురుకర్రతో తీగను కదపకండి. షాక్ కొట్టినవాణ్ణి చేత్తో లాగకండి, ముందు సరఫరా ఆపండి. కరెంటు లేదనుకుని ఎవరినీ స్తంభం ఎక్కించకండి. కరెంటు లేదనుకుని తీగ ముట్టుకోకండి. కరెంటు ఆఫీసు నంబరు 1912కు ఫోన్ చేయండి. లైన్‌మన్ వచ్చి, సరఫరా ఆపించి, తీగకు ఎర్తు తగిలించేదాకా పిల్లలనూ పశువులనూ అటు రానివ్వకుండా గట్టు మీద కాపలా ఉండండి.