నికెల్ కోబాల్ట్ ఆక్సైడ్ నానో సూదులు: ముందు నీళ్ళు చూసుకోండి

నల్గొండలో ఈ సూదుల కోసం హైడ్రోథర్మల్ పని (మూసిన పాత్రలో నీళ్ళతో వేడిచేసి పొడి తయారుచేయడం) మొదలుపెట్టే పిల్లలకు నేను ముందు చెప్పేది నీళ్ళ గురించే. మా దగ్గర నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు, కానీ గిన్నెలకు తెల్లగా పొర కట్టించే కాల్షియం ఇక్కడ ఎక్కువ తిప్పలు పెడుతుంది. ఒకసారి డీఅయనైజ్డ్ నీళ్ళు, అంటే లవణాలు తీసేసిన నీళ్ళు, అయిపోయాయని కుళాయి నీళ్ళే పోశాను, ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-రేతో పొడిలో ఏ పదార్థం ఉందో చూసే పరీక్ష) 29.4 డిగ్రీల దగ్గర ఎక్కడిదో ఒక పీక్ వచ్చింది, వారం రోజులు టెన్షన్ పడ్డాక తెలిసింది అది కాల్సైట్, అంటే కాల్షియం కార్బొనేట్ అని. ఈ పనిలో వాడే యూరియా నుంచి వచ్చే కార్బొనేట్ ఆ కాల్షియాన్ని పట్టుకుని కూర్చుంటుంది. కడగడానికి కూడా డీఅయనైజ్డ్ నీళ్ళే వాడండి.

నికెల్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 0.58 గ్రాములు, కోబాల్ట్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 1.16 గ్రాములు, అంటే వరుసగా 2, 4 మిల్లీమోల్స్. వానాకాలంలో ఈ లవణాలు చెమ్మ పీల్చుకుంటాయి, తూకం త్వరగా ముగించి సీసా మూత బిగించండి, లేదంటే 1:2 నిష్పత్తి అక్కడే తప్పుతుంది. ఈ రెండూ క్యాన్సర్ కారకాలు, గ్లవ్స్, మాస్క్ లేకుండా ముట్టుకోవద్దు, కడిగిన నీళ్ళు సింకులో పోయవద్దు. యూరియా 1.2 గ్రాములు, ల్యాబ్ గ్రేడ్‌దే. పొలంలో చల్లేదానికి వేపనూనె పూత ఉంటుంది, అది పనికిరాదు.

అన్నీ 60 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించి, అరగంట కలిపి, 100 మిల్లీలీటర్ల టెఫ్లాన్ కప్పులో పోసి, దాన్ని ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి తట్టుకునే ఉక్కు పాత్ర) పెట్టి బిగించండి. నిండా పోస్తే ప్రమాదం, వేడికి నీళ్ళు వ్యాకోచించడానికి చోటుండాలి. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర 6 గంటలు. యూరియా మెల్లగా విడిపోయి అమ్మోనియా ఇస్తుంది, పీహెచ్ ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా పెరుగుతుంది, అందుకే సూదులు తీరుగా పెరుగుతాయి. అదే కాస్టిక్ సోడా ద్రావణం గుమ్మరిస్తే ముద్దలే వస్తాయి. మధ్యలో కరెంటు పోతే ఆ శాంపిల్‌ను లెక్కలోకి తీసుకోవద్దు, మళ్ళీ చేయండి.

ఓవెన్ ఆపాక రాత్రంతా వదిలేయండి. తొందరపడి కుళాయి కింద పెట్టడం, వేడి మీద మూత తిప్పడం, ఈ రెండూ ఎప్పుడూ చేయవద్దు, లోపల ఆవిరి ఒత్తిడి ఉంటుంది.

అడుగున లేత గులాబీ రంగు పొడి దిగుతుంది, అది ఇంకా ఆక్సైడ్ కాదు. నీళ్ళతో, ఇథనాల్‌తో సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పి పొడిని అడుగుకు దించే యంత్రం) మూడు నాలుగు సార్లు కడిగి, 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, ఫర్నేస్‌లో నిమిషానికి 2 డిగ్రీల చొప్పున 350కి తీసుకెళ్ళి 2 గంటలు ఉంచండి. నల్లగా మారుతుంది. గట్టిగా కాలుతుందని 500 పెట్టవద్దు, అంత వేడికి నికెల్ ఆక్సైడ్ విడిగా బయటికి వస్తుంది.

ఎక్స్‌ఆర్‌డీలో 36.7 డిగ్రీల దగ్గర పెద్ద పీక్ ఉండాలి. దానికంటే ముందు పొడిని తూచండి: ఈ లెక్కకు 0.48 గ్రాములకు మించి రాకూడదు. మించిందంటే సరిగా కాలలేదు, లేదా ఇంకేదో కలిసింది, మళ్ళీ నీళ్ళ దగ్గర నుంచి చూసుకోండి.