యుద్ధవీరుల జీవితరేఖలు రాయడం – 4వ పాఠం: పోరాటం తేదీ, పతకం తేదీ

కిందటి పాఠంలో, రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన జపనీస్ అమెరికన్ సైనికుడు డేనియల్ ఇనోయే యుద్ధసేవ గురించి రాయమన్నాను. మీరు పంపినవాటిలో చాలా వరకు ఒకేచోట తడబడ్డాయి. కొందరు ఆయనకు 1945లోనే అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చేశారు. మరికొందరు 2000లో పతకం వచ్చిందని చెప్పి, మరుసటి వాక్యంలోనే ఇటలీ కొండల్లోకి దూకారు. మధ్యలో గడిచిన 55 ఏళ్లు ఏమైనట్టు? తోటి సైనికుల సాక్ష్యాల గురించి ఈసారి చెబుతానన్నాను గానీ, ఇది సరిచేయకుండా ముందుకు వెళ్లలేను.

పుట్టుక, చదువు ఎలా రాయాలో మీకు తెలుసు, వాటి జోలికి వెళ్లను. నేరుగా 1945 ఏప్రిల్ 21కి వద్దాం. చోటు ఇటలీలోని సాన్ తెరెంజో దగ్గరి కొండగట్టు. ఇనోయే 442వ రెజిమెంటల్ కాంబాట్ టీములో, అంటే ప్రధానంగా జపనీస్ అమెరికన్లతో ఏర్పడిన దళంలో సెకండ్ లెఫ్టినెంట్, వయసు 20. పతకంతో పాటు ఇచ్చే ప్రశంసాపత్రం చేతికి రాగానే నేను చేసే పని ఒకటుంది: విశేషణాలన్నీ పెన్సిలుతో కొట్టేసి క్రియలు మిగుల్చుకుంటాను. అప్పుడు మిగిలేది ఇది. కడుపులో తూటా దిగినా ముందుకు పాకారు. మొదటి మెషిన్‌గన్ స్థావరంపై గ్రెనేడ్ విసిరారు. రెండోదాన్నీ అణచారు. మూడోదానిపై విసరబోతుండగా శత్రువు పేల్చిన గ్రెనేడ్‌కు కుడిచేయి ఛిద్రమైంది. ఆ చేతి గుప్పిట్లో పేలడానికి సిద్ధంగా తన గ్రెనేడ్ ఇంకా ఉంది. ఎడమచేత్తో దాన్ని ఊడలాగి విసిరారు. ఇక్కడ ‘అసమాన ధైర్యసాహసాలతో’ అని కలిపితే వాక్యం పలచబడుతుంది, దయచేసి కలపకండి.

ఇక తేదీల సంగతి. ఈ పోరాటానికి అప్పట్లో ఆయనకు దక్కింది డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్, అంటే రెండో స్థాయి పతకం. 1996లో అమెరికా కాంగ్రెస్ ఆదేశంతో, ఆసియా మూలాలున్న సైనికులకు ఇచ్చిన ఆ పతకాలను సైన్యం తిరిగి పరిశీలించింది. 2000 జూన్ 21న అధ్యక్షుడు క్లింటన్ 22 మందికి మెడల్ ఆఫ్ ఆనర్ ప్రదానం చేశారు. వారిలో ఇనోయే ఒకరు, అప్పటికే దశాబ్దాలుగా సెనేటరు. కాబట్టి మీ వ్యాసంలో మూడు తేదీలుండాలి: పోరాడినది, మొదట గుర్తించినది, పెంచి గుర్తించినది. మూడింటినీ ఒకే వాక్యంలో కుక్కవద్దు.

ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానంటే, అసలు కథ ఆ ఎడంలోనే ఉంది. జపనీస్ అమెరికన్ సైనికుల్లో యుద్ధం ముగిసిన వెంటనే మెడల్ ఆఫ్ ఆనర్ పొందింది సదావో మునెమోరి ఒక్కరే. 1945 ఏప్రిల్ 5న తోటివారిని కాపాడేందుకు గ్రెనేడ్ మీద పడి ప్రాణమిచ్చారు. పతకం 1946లో వచ్చింది. ఆయన కుటుంబాన్ని మంజనార్ శిబిరంలో నిర్బంధించిన దేశం కోసమే ఆయన పోరాడారు. 1942 ఫిబ్రవరిలో వెలువడిన అధ్యక్షుడి 9066వ ఉత్తర్వు కింద జపాన్ మూలాలున్న సుమారు 1,20,000 మందిని అలా శిబిరాలకు తరలించారు. తేదీలు కలిపేస్తే ఈ అన్యాయం కనబడకుండా పోతుంది. అదే నా అభ్యంతరం.

ఒక చిన్న మాట: ఇనోయే హవాయివారు. అక్కడ సామూహిక నిర్బంధం జరగలేదు. మునెమోరి కుటుంబం అనుభవాన్ని ఆయనకు అంటగట్టకండి.

అభ్యాసం: హిరోషి మియామురా, మరో జపనీస్ అమెరికన్ సైనికుడు. 1951 ఏప్రిల్ 24, 25 తేదీల్లో కొరియాలో, తన దళం వెనక్కి తగ్గేందుకు వీలుగా శత్రువును ఒంటరిగా అడ్డుకుని, చైనా సైనికులకు చిక్కారు. 28 నెలలు బందీ. చెరలో ఆయనకు హాని జరగకూడదని, ఆయనకు మంజూరైన మెడల్ ఆఫ్ ఆనర్ సంగతిని అమెరికా రహస్యంగా ఉంచింది. 1953 ఆగస్టులో విడుదలయ్యాకే ఆయనకు తెలిసింది. దీన్ని 120 మాటల్లో రాయండి. పతకం ప్రస్తావన చివరి రెండు వాక్యాల్లోనే రావాలి. అయినా అది ఎప్పుడు మంజూరైందో, ఎప్పుడు బయటపడిందో చదివేవారికి తేడా తెలియాలి. ఒక్క విశేషణం కూడా వాడకూడదు.